మొదటి తరగతిలో పదకొండేళ్ల పిల్ల

బడి గుమాస్తా ఉద్యోగానికి ధైర్యంతో పనిలేదని నేను చాలాకాలం నమ్మాను. దస్తూరీ బాగుండాలి, వేళకి రావాలి, పై అధికారి వస్తే లేచి నిలబడాలి. ఈ మూడింటికీ నాకు లోటు లేదు. బర్మాలో, అహ్లోన్ పేటలో నేను పనిచేసిన సర్కారు బడిలో నా రిజిస్టర్లు చూసి తనిఖీకి వచ్చినవాళ్లు కూడా మెచ్చుకునేవారు. ఇప్పుడు బడుల్లోనూ ఆఫీసుల్లోనూ పనిచేస్తున్న మన తెలుగువాళ్ల పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఆ రోజుల్లో ఎలా నెగ్గుకొచ్చారని అడుగుతుంటారు. వాళ్లకి నవ్వొచ్చే కబుర్లు చెప్పి పంపేస్తుంటాను. ఇది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇందులోనూ ఒకచోట నవ్వొస్తుంది, నన్ను చూసి.

తిరుగుబాటును సైన్యం అణిచేసిన మరుసటి ఏడు. నెలల తరబడి మూతపడిన బడుల్లో చిన్న తరగతులు మాత్రం వానలు మొదలవుతుండగా తెరిచారు. ఊరి పేరు కూడా ఆ ఏడే మార్చారు. మా ముసలివాళ్లకి రంగూన్ ఎప్పటికీ రంగమే. బయటి కబురు లోపలికి రాదు, లోపలి మాట బయటికి పోకూడదు. కాలేజీ పిల్లలు చాలామంది అడవులు పట్టుకుని థాయ్‌లాండ్ సరిహద్దుకి పారిపోయారని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అందుచేత థాయ్‌లాండ్ నుంచి ఎవరొచ్చినా సరే, వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు మోసుకొచ్చారని అనుమానం. ఆరేళ్ల పిల్లని బడిలో వేయాలన్నా ఆ పిల్ల రాజకీయాల జోలికి పోదని తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఆ కాగితాలన్నీ వరసగా కుట్టి బీరువాలో పెట్టే పని నాది.

ఆ చేరికల జోరులో ఒక ముసలావిడ పిల్లని వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. మూతపడిన బియ్యం మిల్లు వెనక ఉంటుంది, నాకు తెలిసినావిడే. ఆవిడ భర్తా మా నాన్నా ఒకే రేవులో బస్తాలు మోశారు.

"బాబూ, ఈ గుంటకి బడి గావాల," అంది.

"ఎన్నేళ్లమ్మా?"

"పదకొండు."

"ఇంతవరకు ఎక్కడ చదివింది?"

ముసలావిడ వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఏటి సదువు బాబూ. మూడేళ్ల గుంటప్పుడు దీన్ని సంకనేసుకుని మా కొడుకూ కోడలూ ఆ పక్క దేశం ఎల్లిపోనారు. సేపల రేవులో పని. మావోడు పడవెక్కి ఎల్లినోడు మరి రానేదు. కోడలు దీన్ని పట్టుకుని ఒచ్చీసింది. ఇదేమో మన మాట ఆడతాది, ఆ దేశపు మాట ఆడతాది. బరమా మాట సరిగ్గా నేదు."

"ఆ దేశం మాట ఇక్కడ ఎత్తకమ్మా."

"నానెక్కడెత్తినాను? పక్క దేశమనే కదా అన్నాను."

పిల్ల అప్పటిదాకా ఆవిడ వెనక నిలబడి ఉంది. నేను తలెత్తి చూడగానే ముందుకొచ్చి రెండు చేతులూ జోడించి, వేళ్ల కొసలు ముక్కుకి ఆనేలా ఎత్తి, తల వంచి, మోకాళ్లు కాస్త ముడిచి దండం పెట్టింది. నాకు ఒళ్లు పులకరించింది. ఇక్కడి బడుల్లో పిల్లలు పెద్దవాళ్ల ముందు రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని నిలబడతారు. మా పిల్లలూ అంతే. నా సొంత కూతుళ్లు ఇంటికి చుట్టాలొస్తే చేతులు కట్టుకుంటారు గాని జోడించరు. పరాయి దేశంలో చేపలు కడుగుతూ కూడా ఆ తల్లి పిల్లకి మన మర్యాద నేర్పిందే అని నా కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత కథకీ మూలం అక్కడే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మా ప్రధానోపాధ్యాయురాలు కాగితాలు ఒకటికి రెండుసార్లు చూశారు. కొడుకు కుటుంబం దేశం దాటినప్పుడు ముసలావిడ వార్డు ఆఫీసులో చెప్పలేదు. భయం కొద్దీ చెప్పలేదు. దాంతో ఇంటి జాబితాలో తల్లి పేరూ పిల్ల పేరూ ఎనిమిదేళ్లుగా అలాగే ఉండిపోయాయి.

"కాగితం మీద ఈ పిల్ల ఎక్కడికీ వెళ్లలేదు," అన్నారావిడ. "మనకి కాగితం చాలు. మొదటి తరగతిలో వేయండి."

ముందు చదివిన బడి అన్న గడిలో 'లేదు, ఇంటి వద్దే' అని రాశాను. ముసలావిడ వేలిముద్ర వేసింది. తల్లి రాలేదు. ఆమె పబేడాన్ పేటలో రోడ్డు పక్కన గంప పెట్టుకుని అమ్ముకుంటుంది. సరిహద్దు దాటి వచ్చిన మనిషిని ఎవరు గుర్తుపడతారోనని తట్ట కిందికి దించినా తల మీద ముసుగు దించదని తర్వాత విన్నాను.

మొదటి తరగతి సయామా, అంటే పంతులమ్మ, బర్మా అమ్మాయి. మా బడిలో ఆమెకంటే పిరికిమనిషి లేదనుకునేవాణ్ణి. వీధిలో మైకు కట్టిన సైన్యం బండి వెళ్తే పాఠం మధ్యలో ఆపేసి సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఆమె తరగతిలో ఆరేళ్ల పిల్లల వెనక వరసలో మా పదకొండేళ్ల పిల్ల కూర్చుంది. బల్ల కింద మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చునేది. చిన్నపిల్లలు ఆమెని 'అఫ్వా', అంటే అమ్మమ్మ అని ఏడిపించారు. నెల తిరక్కుండానే ఆ పిల్లలే జడలు వేయమని ఆమె చుట్టూ మూగారు. లెక్కలు చేసేటప్పుడు మాత్రం పిల్ల పెదవులు కదిలేవి, ఒకటి రెండు మూడు థాయ్ మాటలో వచ్చేసేవి. సయామా ఆమెకి పెదవులు మూసి లెక్కపెట్టడం నేర్పింది. ఇలాంటి చదువు కూడా బడిలో చెప్పవలసి వచ్చింది.

ఒకరోజు సయామా నా బల్ల దగ్గరికి వచ్చింది. బడిలో మగవాళ్లని మర్యాదగా 'సయా' అంటారు. "సయా, ఆ అమ్మాయికి మాట వస్తోంది, రాతా వస్తోంది. చేతులు కట్టుకోవడమే రావడం లేదు. ఎన్నిసార్లు చెప్పినా జోడించేస్తోంది. ఎవరైనా చూస్తే బాగుండదు."

"అదొక్కటీ వదిలెయ్యండి సయామా. అది మా దండం."

ఆమె గోళ్లు చూసుకుంటూ అంది. "మీ గుడి దగ్గర నేను చూసింది ఇలా లేదు. చేతులు ఇంత పైకి ఎత్తరు. మోకాళ్లు వంచరు."

"మా దండం సంగతి నాకు తెలియదా?" అన్నాను.

గట్టిగానే అన్నాను. ఆమె సరేనని వెళ్లిపోయింది. మనవాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎవరైనా చేతులు జోడిస్తే చాలు, అది మనదే అనుకుంటాం.

వానలు ముదిరాక ఒక ఉదయం బడి గేటు ముందు జీపు ఆగింది. కెప్టెన్ ఒకడు, ఇద్దరు సిపాయిలు, వాళ్ల వెనక మా వార్డు పెద్ద. కొత్తగా చేరిన పిల్లల రిజిస్టరు అడిగారు. నేను లేచి నిలబడి రెండు చేతులతో అందించాను. కెప్టెన్ నెమ్మదిగా, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివాడు. ఆ పిల్ల పేరు దగ్గర వేలు ఆగింది.

"మొదటి తరగతి. పదకొండేళ్లు."

"పేదవాళ్లు సర్. ఇన్నాళ్లూ బడికి పంపలేదు," అన్నాను. 

వార్డు పెద్ద గోడ మీద గడియారం చూస్తున్నాడు. ఆ ఇంటివాళ్లు దేశం దాటిన సంగతి ఆయనకి తెలియకుండా ఉండదు. కాని ఎనిమిదేళ్లు జాబితా సరిదిద్దలేదని తేలితే ముందు తెగే మెడ ఆయనదే. ఆ ఒక్క సంగతే ఆ పూట మా వైపు ఉంది.

కెప్టెన్ తరగతి చూస్తానన్నాడు. ప్రధానోపాధ్యాయురాలు, నేను వెంట నడిచాం. గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి చేతులు కట్టుకుని గొంతెత్తి నమస్కారం చెప్పారు. వెనక వరసలో అందరికంటే ఒక తల ఎత్తుగా మా పిల్ల చేతులు జోడించి, ముక్కుదాకా ఎత్తి, మోకాళ్లు ముడిచింది.

కెప్టెన్ ఆగిపోయాడు. "నేను మూడేళ్లు సరిహద్దులో ఉన్నాను," అన్నాడు, ఎవరితోనో కబుర్లు చెబుతున్నట్టు. "ఈ దండం అక్కడ రోజూ చూశాను. అవతలి ఒడ్డున."

అప్పుడు అర్థమైంది నాకు. సయామా చెప్పింది, నేను వినలేదు. అది మన దండం కాదు. ఆ పిల్ల బుద్ధెరిగిన దగ్గర్నుంచి రేవులో యజమానులకి పెట్టిన దండం.

"మా హిందువుల దండం సర్ ఇది," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"అలాగా? నువ్వు పెట్టి చూపించు."

నలభై ఐదేళ్ల గుమాస్తాని. ఆరేళ్ల పిల్లల ముందు చేతులు జోడించాను. ఛాతీ దగ్గర ఆపబోయి, గుర్తొచ్చి ముక్కుదాకా ఎత్తాను. తల వంచాను. మోకాళ్లు కూడా ముడిచాను, ఒకటి టక్కుమంది. పిల్లలు గొల్లుమన్నారు. నవ్వొచ్చే చోటు ఇదే, కావాలంటే నవ్వుకోండి.

కెప్టెన్ నవ్వలేదు. "బడిలో ఇంకో హిందూ పిల్ల ఉందా?"

మూడో తరగతి నుంచి ఒక పిల్లని తీసుకొచ్చారు. మా వాడకట్టు పిల్లే. వచ్చీ రాగానే బుద్ధిగా చేతులు కట్టుకుంది. నేను వెంటనే అందుకున్నాను.

"బడిలో నేర్చుకున్నవాళ్లు ఇలా చేస్తారు సర్. ఆ పిల్ల ఇంకా ఇంటి అలవాటు మానలేదు."

"గుడిలో ఎలా పెడతావు?" అని కెప్టెన్ మూడో తరగతి పిల్లని అడిగాడు. ఆ పిల్ల చేతులు రెండూ నెత్తి మీదికి ఎత్తి జోడించింది. దేవుడికి అలాగే పెడతాం మరి.

"మీలో ఏ ఇద్దరూ ఒకేలా పెట్టరా?" అన్నాడు కెప్టెన్.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కెప్టెన్ బల్లల మధ్య నుంచి వెనక వరసకి నడిచాడు. వంగి, చాలా మెల్లగా, ముద్దుగా ఆ పిల్లతో ఏదో అన్నాడు. అది బర్మా మాట కాదు. పిల్ల మెడ మీద నరం కదిలింది. చీరుకుపోయిన చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకున్నాయి. ఆ పిల్ల నోరు తెరిస్తే ఆ సాయంత్రానికి తల్లి జైల్లో ఉంటుంది. నేనూ ఎక్కడో ఉంటాను, నా భార్యకి ఎవరూ చెప్పరు. పిల్ల అతని చొక్కా గుండీ వైపు చూస్తూ నిలబడింది. కెప్టెన్ అదే మాట మళ్లీ అన్నాడు. పిల్ల పలకలేదు. కన్ను కూడా ఆర్పలేదు.

కెప్టెన్ వెనక్కి వచ్చాడు. "ఈ పిల్ల ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిందని నీ పూచీ. రాసి సంతకం పెట్టు."

రాశాను. సంతకం పెట్టాను. జీపు వెళ్లిపోయింది. ప్రధానోపాధ్యాయురాలు నా భుజం మీద చెయ్యి వేసి, మీరు ఇవాళ ఒక కుటుంబాన్ని నిలబెట్టారు సయా, అన్నారు. కథ ఇక్కడ ఆపితే నేను చాలా గొప్పవాణ్ణి. ఇన్నేళ్లూ నాలో నేను చెప్పుకున్నప్పుడల్లా ఇక్కడే ఆపేవాణ్ణి.

ఆ రాత్రి మొదలు నాకు తిండి సహించలేదు. వీధిలో బండి ఆగితే దీపం ఆర్పేవాణ్ణి. ఆ కాగితం చౌక్తడా పేటలో ఏ సర్కారు ఆఫీసు ఫైల్లో చేరిందో, ఎవరు చదువుతున్నారో అని అదే ధ్యాస. పిల్ల పేరు ఎక్కడున్నా దాని కింద నా పేరు ఉంటుంది. రేపెప్పుడో లెక్క చేస్తూ థాయ్‌లో మూడు అని పైకి అంటే చాలు. నిజానికి ఆ కాగితాన్ని మళ్లీ ఎవరూ తిరగెయ్యలేదు, ఆ కెప్టెన్‌ని నెలల్లోనే ఎక్కడికో మార్చారు. అప్పుడు ఆ సంగతి నాకెలా తెలుస్తుంది?

మూడో రోజు బడి వదిలాక మిల్లు వెనక వాళ్లింటికి వెళ్లాను. ముసలావిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పిల్ల పక్కన కూర్చుని పలక మీద బర్మా అక్షరాలు గుండ్రంగా దిద్దుతోంది.

"ఆ ఆపీసరు నిన్నేటి అడిగాడే?" అన్నాను పిల్లని. ఇంటి దగ్గర నాకూ మా మాటే వస్తుంది.

"అన్నం తిన్నావా అని అడిగాడు."

"మరి పలకలేదేటి?"

"తిన్నానని నోటిదాకా ఒచ్చీసింది మావా. పలికితే అమ్మని అట్టుకుపోతారని మింగీసినాను."

ఆ మాట విన్నాక నేను లేచి వచ్చేయవలసింది. రాలేదు. "అమ్మా, ఈ ఏడు పిల్లని మానిపించెయ్యండి," అన్నాను ముసలావిడతో. "పరిస్థితి బాగోలేదు. పిల్ల మంచికే చెబుతున్నాను."

ముసలావిడ చేట కింద పెట్టింది. "నువ్వే సేర్సినావు, నువ్వే మానమంటన్నావు. మాకేటి తెల్దు బాబూ, పెద్దోడివి, నువ్వెలాగంటే అలగే." పిల్ల పలక మీద రాసింది చేత్తో తుడిచేసింది.

పిల్ల మంచికే అని చెప్పాను. అది అబద్ధం. నా సంతకం భద్రంగా ఉండడానికి చెప్పాను. ఊళ్లో పిల్లల్ని బడిలోకి తేవడం నా పని. తల్లినీ తననీ కాపాడుకున్న పిల్లని బయటికి తోసింది నేను. సిపాయిలెవరూ నన్ను చెయ్యమనలేదు.

మర్నాడు సయామా హాజరు పట్టీ తెచ్చి అడిగింది. "ఆ అమ్మాయి రాలేదేం సయా?"

"ఒంట్లో బాగోలేదట."

"మీకెవరు చెప్పారు?"

"వాళ్ల నాయనమ్మ."

ఆమె ఐదు రోజులు రోజూ పిల్ల పేరు ఎదుట సున్నా చుట్టుకుంటూ పోయింది. ఐదో రోజు సాయంత్రం మాత్రం, వాళ్లిల్లు ఎక్కడ అని అడిగింది. మిల్లు వెనక అని ఊరుకున్నాను. ఆ పిరికిమనిషి అటువైపు వెళ్లదని నా ధీమా. మిల్లుకి వెళ్లే దారిలో వార్డు ఆఫీసు ముందు ఇసుక బస్తాలు పేర్చి సిపాయిలు కూర్చుని ఉంటారు. దాన్ని తప్పించుకోవడానికి ఆమె రోజూ చుట్టూ తిరిగి ఇంటికి పోయేది.

మర్నాడు పొద్దున్న నా కిటికీలోంచి చూశాను. వాన పడుతోంది. సయామా ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇసుక బస్తాల ముందు నుంచే నడిచి వస్తోంది. త్వరగా నడవడం లేదు. ఒక సిపాయి తలెత్తి చూశాడు. ఆమె ఆగలేదు. నేను కిటికీ రెక్క పట్టుకుని ఉన్నాను.

ఐదు రోజులు రాని పిల్లలు తరగతికి వెళ్లే ముందు గుమాస్తా దగ్గరికి వచ్చి కారణం చెప్పాలి. అది బడి నియమం. నేను రాసి గోడకి అతికించిన నియమమే. సయామా పిల్లని నా బల్ల ముందు నిలబెట్టి గొడుగు మడిచింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"సయాకి చెప్పు, ఎందుకు రాలేదో," అంది.

పిల్ల రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుంది. ఒక్క తప్పు లేదు. తల ఎంత వంచాలో అంతే వంచింది. "ఒంట్లో బాగోలేదు, సయా," అంది, స్పష్టమైన బర్మా మాటలో.

నేను చెప్పిన అబద్ధాన్ని సయామా వాళ్లింట్లో చెప్పి ఉంటుంది. పిల్ల దాన్ని కాదనకుండా నాకు తిరిగి ఇచ్చింది. సయామా కిటికీ బయటికి చూస్తోంది. నేను కలం తీసి, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ అడగవలసిన మాట అడిగేశాను.

"ఎప్పట్నించి?"

పిల్ల తలెత్తి నా కళ్లలోకి చూసింది.

"మీరు మా ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి, సయా."

కారణం అన్న గడిలో జ్వరం అని రాసి తరగతికి పంపాను. ఆ పిల్ల మా బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివింది, ప్రతి ఏడూ ఆమె పేరు కొత్త రిజిస్టర్లోకి ఎక్కించింది నేనే. ఎదురుపడితే ఆగి చేతులు కట్టుకునేది, అడిగినదానికి మర్యాదగా బర్మాలో జవాబు చెప్పేది. నాతో మాత్రం మళ్లీ ఎప్పుడూ తెలుగులో మాట్లాడలేదు.